తలుపు టేబుల్ అయింది, దహలీజ్ ఏమైంది?



ఈ మధ్య షాదీలకు మాట్లాడుకునే రిసార్టుల్లో, హైదరాబాద్ కొత్త సిటీ ఫర్నిచర్ షోరూముల్లో, గల్ఫ్ నుంచి సెలవులకొచ్చిన మనవాళ్ళ ఫ్లాట్లలో ఒక రకం టేబుల్ తెగ కనిపిస్తోంది. దగ్గరికెళ్ళి చూస్తే అది పాత ఇంటి తలుపు. జోడీ కివాడ్లలో ఒక రెక్కని తీసి, అడ్డంగా పడుకోబెట్టి, నాలుగు కాళ్ళు బిగించి, పైన మందపాటి అద్దం పరిచారు. అద్దం కింద ఇత్తడి బొడిపెలు, ఇనుప కుండీ అలాగే ఉన్నాయి. కుండీ చుట్టూ చెక్క నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఎన్ని తరాల చేతులు తాకితే అంత నునుపు వస్తుందో ఆలోచించండి.

తలుపు ఒక్కటే కాదు. దాలాన్ మెహరాబు అద్దానికి ఫ్రేమ్ అవుతోంది. దూలం కింద ఆనించిన చెక్కడపు బ్రాకెట్ గోడకి దీపం స్టాండ్ అవుతోంది. సాగ్వాన్ స్తంభాన్ని సగానికి కోసి బల్లకి కాళ్ళు పెడుతున్నారు. జనానా జాలీ మంచానికి తలాపు అవుతోంది. ఝరోకా కిటికీకి వెనక అరలు కొట్టి మందు సీసాల అల్మారా చేసి అమ్ముతున్నవాళ్ళూ ఉన్నారు. ఏ బీబీ ఆ కిటికీ వెనక కూర్చుని తస్బీహ్ తిప్పుకుందో అడిగేవాళ్ళు లేరు.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. పాత చెక్కతో కొత్త సామాను చెయ్యడం తప్పని నేననను. చెక్క పొయ్యిలోకి పోవడం కంటే, చెదలు తినడం కంటే, టేబులై బతకడం నయం. ఇస్రాఫ్ మన దీన్‌కి నచ్చదు. కానీ చెక్క బతికినంత మాత్రాన ఇల్లు బతికినట్టు కాదు. మన ఇళ్ళ తలుపులు పేరూ ఊరూ లేకుండా, లెక్కా పత్రం లేకుండా, వారసుల హిస్సా తేల్చకుండా పోతున్నాయి. నాకు అభ్యంతరం అక్కడే.

ముందు ఈ సామాను ఎలా తయారవుతుందో తెలుసుకుందాం. ఇల్లు పడగొట్టే కాంట్రాక్టర్ తలుపులు, స్తంభాలు, దూలాలు కలిపి గుత్తగా మాట్లాడుకుంటాడు. అవి కబాడీ దగ్గరికి, అక్కణ్ణుంచి పెద్ద వ్యాపారి గోదాముకి చేరతాయి. రాజస్థాన్‌లో జోధ్‌పూర్, తమిళనాడులో కారైకుడి ఈ వ్యాపారానికి పేరున్న ఊళ్ళు. కారైకుడి చుట్టూ చెట్టియార్లు బర్మా టేకుతో కట్టుకున్న పెద్ద పెద్ద ఇళ్ళున్నాయి. వాటి తలుపులూ స్తంభాలూ అక్కడి పాత సామాన్ల దుకాణాల్లో పేర్చి ఉంటాయి. అంటే ఇది ఒక్క ముస్లిం ఇళ్ళ బాధే కాదు. పాత ఇల్లున్న ప్రతి ఖాందాన్‌దీ ఇదే కథ.

గోదాములో పాత రంగు గీకేస్తారు, లేదా మందు పూసి ఊడదీస్తారు. విరిగిన చోట వేరే ఇంటి ముక్క అతుకుతారు. చాలా టేబుళ్ళలో పైభాగం ఒక ఊరిది, కాళ్ళు ఇంకో ఊరివి, అంచు పట్టీ నిన్న మొన్న కోసిన కొత్త చెక్కది. కొత్త చెక్కకి రంగు పట్టించి, గొలుసుతో కొట్టి, సొట్టలు చేసి ముసలిదాన్ని చేస్తారు. దాన్ని కూడా ‘నవాబుల కాలం నాటిది’ అని అమ్మేస్తారు.

కొనేవాళ్ళకి కొన్ని నిషానీలు చెబుతాను. పాత తలుపు చాలావరకు కబ్జాల మీద తిరిగేది కాదు. పైనా కిందా పొడుచుకొచ్చిన చెక్క చూల్ ఉండేది, అది చౌఖట్ గుంటలో కూర్చుని తిరిగేది. తలుపు ఒక పక్క మూలల్లో ఆ చూల్ గానీ, దాన్ని కోసేసిన జాడ గానీ కనిపిస్తుందేమో చూడండి. చేత్తో కొట్టిన పాత మేకు పలకలుగా ఉంటుంది. గుండ్రటి తీగ మేకు తర్వాతి కాలానిది. చేతి రంపం గీతలు వంకరటింకరగా, మిషన్ రంపం గీతలు ఒకే తీరుగా పడతాయి. అరుగుదల చెయ్యి పడే చోట ఉండాలి. తలుపంతా ఒకేలా అరిగిపోయి ఉంటే అది కాలం చేసిన పని కాదు, ఇసుక కాగితం చేసిన పని.

ఇక మన ఇళ్ళ సంగతి. ఈ తలుపులు మన చేతుల్లోంచి ఎందుకు జారిపోతున్నాయి? ‘ఈ కాలం పిల్లలకి కదర్ లేదు’ అని బుజుర్గులు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది నిజం కాదు. గచ్చు పని తెలిసిన మేస్త్రీ దొరకడు. దూలం మారిస్తే అయ్యే ఖర్చుతో చిన్న ఊళ్ళో ఒక గది కట్టుకోవచ్చు. వానాకాలం కప్పు కారితే రాత్రంతా గిన్నెలు పెట్టేది ఇంట్లో ఆడవాళ్ళు. ఆ ఇల్లు ఊడ్చీ తుడిచీ నడుము విరగ్గొట్టుకున్న కోడల్ని అడిగితే ఫ్లాటే కావాలంటుంది. అందులో ఆమె తప్పేమీ లేదు. రోడ్డు వెడల్పులో సగం పోయిన ఇళ్ళున్నాయి. ఏడుగురు వారసులు ఆరు ఊళ్ళలో ఉన్న ఇళ్ళున్నాయి. అమ్మక తప్పని రోజు వస్తుంది, దాన్ని ఎవరూ తప్పుపట్టకూడదు.

కానీ అమ్మే తీరు గురించి మాట్లాడాలి. ఇల్లు పంచుకునేటప్పుడు గజాల లెక్క చూస్తాం. జాగా ఎంత, రోడ్డు వైపు ఎంత, అన్నకెంత, చెల్లెలికెంత అని కూర్చుంటాం. తలుపులు, స్తంభాలు, అల్మారాలు మాత్రం ‘పాత కట్టె’ అని పక్కకి పోతాయి. పంపకం కాకముందే ఊళ్ళో ఉన్న భాయీ కాంట్రాక్టర్‌తో మాట్లాడేసుకుంటాడు. ఆడబిడ్డలకి ఆ సంగతి తెలిసేసరికి చౌఖట్ల చోట బొక్కలు మిగులుతాయి. చనిపోయినవాళ్ళు వదిలింది తక్కువైనా ఎక్కువైనా అందులో మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ హిస్సా ఉందని సూరె నిసా నేర్పిన ఉమ్మత్ మనది. కివాడ్ దానికి బయటిదేం కాదు. ఇంటివాళ్ళకి కట్టె ధర కట్టిన తలుపు షోరూములో కళాఖండం ధర పలుకుతుంది. ఆ తేడాలో పోయింది ఇంటి చరిత్ర ఒక్కటే కాదు, బెహన్ల హక్కు కూడా పోయింది. ‘క్యా కరే ఆపా, లకడీచ్ తో హై’ అని సర్దిచెప్పే తమ్ముళ్ళు ఒకసారి ఆ షోరూముకి వెళ్ళి ధర చీటీ చదివి రావాలి.

ఇల్లు ముక్కలై అందమైన సామానుగా మారడం కొత్త ముచ్చటేం కాదు. పందొమ్మిదో శతాబ్దంలో కైరో దీన్ని చాలా పెద్ద ఎత్తున చూసింది. ఈజిప్టులో మంచి కలప తక్కువ, ఎండ ఎక్కువ. పెద్ద పలక పెడితే వంకర తిరిగిపోతుంది. అందుకని మమ్లూక్ కాలం నజ్జార్లు చిన్న చిన్న ముక్కల్ని నక్షత్రాల్లా, బహుభుజాల్లా కోసి, గాడిలో గాడి కూర్చి, మింబర్లు కట్టారు. చెక్క ఉబ్బినా కుంచించుకుపోయినా ముక్కలు ఆ గాళ్ళలో సర్దుకుంటాయి. హునర్ అంటే అదీ. కానీ ఆ హునరే వాటి మీదికి ముప్పు తెచ్చింది. విడి ముక్కల్తో కట్టింది కాబట్టి విడి ముక్కలుగా పీకడం సులువైంది.

ఇబ్న్ తూలూన్ మస్జిద్‌కి 1296లో సుల్తాన్ లాజీన్ ఒక మింబర్ చేయించాడు. దాని చెక్కడపు పలకలు కొన్ని పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ చేరాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాటిని చూడొచ్చు. అప్పటి యూరప్ షరీఫుల ఇళ్ళల్లో ‘అరబ్ గది’ ఒక ఫ్యాషన్. కైరో ఇళ్ళ మష్రబియ్యా జాలీలు తెరలయ్యాయి, కుర్చీ వీపులయ్యాయి, టేబుల్ అంచులయ్యాయి. ఈ పోకడ నడుస్తుండగానే 1881లో ఈజిప్టులో అరబ్ కట్టడాల రక్షణ కోసం ఒక కమిటీ ఏర్పడింది. అప్పటికే చాలా ముక్కలు దేశం దాటిపోయాయి.

అదే లండన్ మ్యూజియంలో ఇంకో మింబర్ కూడా ఉంది. 1468 నుంచి 1496 వరకు ఏలిన సుల్తాన్ ఖాయిత్‌బే పేరు మీదిది. అది కూడా కైరో నుంచి పోయిందే, పోవడం బాధే. కానీ అది మెట్లతో సహా నిలువుగా నిలబడి ఉంది. ఇది మింబర్ అని పిల్లవాడికి కూడా తెలుస్తుంది, ఎవరి కాలానిదో చెప్పొచ్చు. విడి పలక ముందు నిలబడితే ‘బావుంది’ అంటాం, ముందుకి కదులుతాం. మొత్తంగా ఉన్నది మాట్లాడుతుంది. ముక్కకి మాట్లాడే నోరు ఉండదు, దాని తరఫున ఎవరో ఒకరు రాసి పెట్టాలి.

2011 తర్వాత కైరో పాత మస్జిదుల్లో మింబర్ల పలకలు మళ్ళీ దొంగల పాలయ్యాయి. ఈసారి ఒమ్నియా అబ్దెల్ బర్ర్ అనే ఆర్కిటెక్ట్ నాయకత్వంలో ఈజిప్షియన్ హెరిటేజ్ రెస్క్యూ ఫౌండేషన్ వాళ్ళు మస్జిద్ మస్జిద్‌కీ తిరిగి మింబర్లకి ఫొటోలు తీసి, నక్షాలు గీసి, రికార్డు కట్టారు. ఫొటో ఉంటే రేపు ఏ వేలంలో ఏ పలక కనిపించినా ‘ఇది మాది’ అనొచ్చు. ఫొటో లేకపోతే అది అందమైన పాత చెక్క ముక్క, అంతే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పాత ముక్కల్ని మళ్ళీ వాడుకోవడం మన తారీఖ్‌లో లేదా? ఉంది. ట్యునీషియాలో ఖైరవాన్ జామె మస్జిద్ లోపల నిలబడ్డ స్తంభాల్లో ఎన్నో రోమన్ల కాలం కట్టడాల నుంచి తెచ్చినవి. స్పెయిన్‌లో కుర్తుబా మస్జిద్ స్తంభాలూ అంతే. కానీ అక్కడ స్తంభం మళ్ళీ స్తంభమే అయింది, కప్పు మోసింది. అదే ఖైరవాన్ మస్జిద్‌లో తొమ్మిదో శతాబ్దపు మింబర్ ఉంది. మిగిలి ఉన్న మింబర్లలో పాతదిగా దానికి పేరు. మూడొందలకి పైగా చెక్కడపు పలకలు, అన్నీ టేకు. మనం సాగ్వాన్ అంటాం, అరబ్బులు సాజ్ అంటారు. పదకొండు వందల ఏళ్ళు దాటినా అవి కలిసే ఉన్నాయి. ఆ చెక్కకి దొరికిన రక్షణ అద్దం పెట్టెతో మొదలవలేదు. ప్రతి తరంలో ఎవరో ఒకరు ‘ఇది అమానత్’ అనుకున్నారు, అందుకే నిలిచింది.

మన హైదరాబాద్‌కి వద్దాం. సాలార్‌జంగ్ మ్యూజియం 1951 డిసెంబర్ 16న మొదలైంది దీవాన్ దేవ్‌డీలో, సాలార్‌జంగ్ ఖాందాన్ ఉన్న ఇంట్లోనే. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న బిల్డింగ్‌కి మారింది. కుర్చీలు, అల్మారాలు, గడియారాలు, ఏనుగు దంతం సామాను అన్నీ కొత్త చోటికి పోయి బతికాయి. వాటికి నీడ ఇచ్చిన దేవ్‌డీ మాత్రం పోయింది, పేరు బజార్‌కి మిగిలింది. సామాను చూడ్డానికి టికెట్ కొనుక్కుని లైన్లో నిలబడతాం. సామాను ఉన్న ఇల్లు ఎలా ఉండేదో పిల్లలకి చూపించాలంటే పాత ఫొటో వెతకాలి.

పెద్ద మహళ్ళకైనా కోర్టు ఉంది. ఎర్రమంజిల్‌ని పడగొట్టి అసెంబ్లీ కడతామన్నప్పుడు 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మరి కర్నూలులో, కడపలో, మచిలీపట్నంలో, మహబూబ్‌నగర్‌లో గల్లీ మూల మీద ఉన్న పెంకుటింటి కోసం ఎవరు కోర్టుకి పోతారు? ఎవరూ పోరు. దాని వకీలు దాని వారసులే.

చట్టం గురించి కూడా తెలుసుకోండి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళాత్మక వస్తువు పురావస్తువే. కట్టడం నుంచి విడదీసిన వస్తువు కూడా అందులోకి వస్తుందని చట్టం విడిగా చెప్పింది. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్స్ కావాలి. వాటిని దేశం దాటించే హక్కు మామూలు మనుషులకి, వ్యాపారులకి లేదు. చికాగోలోనో జెద్దాలోనో ఉన్న కొడుకు ‘దాదా తలుపు కంటైనర్లో పంపండి’ అంటే ముందు అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ సర్టిఫికెట్ ఇవ్వాలి. షోరూములో ‘రెండొందల ఏళ్ళ తలుపు’ అని చెప్పినవాణ్ణి లైసెన్స్ చూపించమనండి. అప్పుడు ఆ తలుపు వయసు ఎంత తొందరగా తగ్గుతుందో మీరే చూస్తారు.

ఇంకో మాట. కొన్ని తలుపుల మీద, మెహరాబుల మీద అల్లాహ్ పేర్లు, ‘యా ఫత్తాహ్’ లాంటి రాతలు చెక్కి ఉంటాయి. గుమ్మం పైన ఉండాల్సిన ఆ పలక కాఫీ టేబుల్ అయితే కాళ్ళు దాని మీదికే చాపుతారు. చేసినవాడికి ఆ లిపి రాదు, కొన్నవాడికీ రాదు. అందులో వాళ్ళ నియ్యత్ తప్పు ఉండకపోవచ్చు. కానీ అమ్మిన మనకి చదవడం వచ్చు కదా! అలాంటి పలకని విడిగా తీసి ఇంట్లో ఉంచుకోండి, లేదా మొహల్లా మస్జిద్‌లోనో మదర్సాలోనో గోడ మీద పెట్టమని ఇవ్వండి. అలాగే మస్జిద్, దర్గా మరమ్మతుల్లో బయటపడే పాత తలుపు ముతవల్లీ సాబ్ సొంత ఆస్తి కాదు. అది వక్ఫ్. దాన్ని ఎవరికిచ్చారో, ఎంతకిచ్చారో జమాత్‌కి తెలియాలి.

అందమైన చెక్కడపు సామాను మీద షౌక్ ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది. లాక్‌వుడ్ డి ఫారెస్ట్ అనే అమెరికన్ 1881లో అహ్మదాబాద్‌లో మగన్‌భాయి హఠీసింగ్‌తో కలిసి చెక్కడపు పని కార్ఖానా పెట్టించాడు. అక్కడి మిస్త్రీలు కొత్త టేకు మీద చెక్కిన పని సముద్రం దాటింది. న్యూయార్క్‌లో ఆయన ఇంటి ముఖం మీద ఆ చెక్కడం ఇప్పటికీ ఉంది. ఆ బేరంలో ఎవరి ఇల్లూ కూలలేదు, కారీగర్ల చేతులకి పని దొరికింది. మన దగ్గర నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే ముస్లిం కుటుంబాలున్నాయి, ఆడవాళ్ళే ఎక్కువ. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాత తలుపు కొంటే డబ్బు వ్యాపారికి పోతుంది, దాన్ని చెక్కిన మిస్త్రీ ఎప్పుడో కబ్రస్తాన్‌కి పోయాడు. కొత్త పని చేయిస్తే బతికున్న మిస్త్రీ ఇంట్లో చూల్హా వెలుగుతుంది.

‘ఇవన్నీ సరే, మా ఇల్లు వచ్చే నెల పడగొడుతున్నాం, ఏం చెయ్యమంటారు?’ అని అడిగేవాళ్ళకి నా జవాబు. కాంట్రాక్టర్ రాకముందు ఒక రోజు ఇంటికి ఇవ్వండి. తలుపులు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి ఫొటోలు తియ్యండి. ఇల్లు కనిపించేలా దూరం నుంచి, చెక్కడం కనిపించేలా దగ్గర నుంచి తియ్యండి. టేపు పెట్టి కొలతలు రాయండి. దాదీ, నానీ, ఫుప్పూ ఎవరుంటే వాళ్ళని ఆ తలుపు దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించండి, ఫోన్లో రికార్డు చెయ్యండి. ఇల్లు ఎవరు కట్టించారు, మిస్త్రీ ఏ ఊరివాడు, ఏ తలుపులోంచి బారాత్ వచ్చింది, ఏ తలుపులోంచి జనాజా పోయింది? ఆ మాటలు వాళ్ళతోనే పోతాయి. తర్వాత సామాను జాబితా రాసి వారసులందరికీ పంపండి, ఆడబిడ్డలకి ముందు. కట్టె ధరకి ఒప్పుకోకముందు ఇద్దరు ముగ్గురు వ్యాపారులతో ధర కట్టించండి. ఒక్క తలుపైనా చౌఖట్‌తో, దహలీజ్‌తో సహా కొత్త ఇంట్లో తలుపుగానే పెట్టించుకోండి. ఫ్లాట్ గుమ్మానికి సరిపోకపోతే లోపలి గదికి పెట్టండి.

ఇంక మిగిలింది టేబుల్ అవుతుందంటే కానివ్వండి. కానీ కాళ్ళు బిగించే ముందు దాని అడుగున నాలుగు లైన్లు రాయించండి. ఈ తలుపు ఫలానా ఊళ్ళో, ఫలానా మొహల్లాలో, ఫలానా వారి ఇంటిది, ఫలానా సంవత్సరం వరకు అక్కడ ఉంది అని. చిన్న ఇత్తడి రేకు మీద అయితే ఇంకా మంచిది. కొన్నవాళ్ళు పీకేస్తారేమో అంటారా? కొందరు పీకేస్తారు. కొందరు ఉంచుకుంటారు. ఊరూ పేరూ ఉన్న వస్తువుకి కదర్ ఎక్కువని నిజమైన షౌకీన్లకి తెలుసు.

మీ ఇంట్లో పాత కివాడ్ ఇంకా నిలబడి ఉంటే, రేపు జుమా నమాజ్ అయ్యాక ఒక్క అరగంట దానికి కేటాయించండి. ఫొటో తియ్యండి, కొలత రాయండి, అమ్మీనో ఫుప్పూనో రెండు మాటలు అడగండి. అంతకంటే ఎక్కువేం అడగడం లేదు.